ముప్పై ఒక్క పెట్టలు

మొదట పోయినవి చెబుతాను. సైనైడ్ దిబ్బ కింద మేస్తుండగా పట్టపగలు మాయమైనవి పదిహేడు. మునెమ్మ కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి ఉన్నప్పుడు ఇంటి వెనక గంపల కిందినుంచి పోయినవి ఎనిమిది. ఎవరో తరిమితే రైలుకట్ట దాటిపోయి తిరిగి రానివి నాలుగు. ఎత్తుకుపోయినవాడికి ఇంటిదాకా మోసే ఓపిక కూడా లేక, దిబ్బ పక్కనే కోసి, కందనకాయ మాత్రం తీసుకుని మిగతా కోడిని పారేసిపోయినవి రెండు. మొత్తం ముప్పై ఒకటి. అన్నీ గుడ్డు పెట్టే పెట్టలు. ఇవి కాక ఒక ఎర్ర పుంజు, పొదిగే పెట్ట లేక చల్లారిపోయిన గుడ్లు, తల్లి లేక పోయిన పిల్లలు ఉన్నాయి. వాటిని మునెమ్మ లెక్కలో వేయనివ్వలేదు. ముప్పై ఒకటిలో పన్నెండు అసలు ఆమెవి కావు. ఆ పన్నెండు సంగతి ముందు ముందు వస్తుంది.

మునెమ్మ నాతో డిగ్రీ చదివిన సరోజకు తల్లి. పోయిన నెల రాయల్పాడులో, కూతురి ఇంట్లో పోయింది. పెద్దకర్మకు నేనూ, మాతోనే చదివిన గజేంద్రా ఒకే బస్సులో వెళ్ళి వచ్చాము. అప్పటినుంచి ఈ లెక్క నా తలలో మళ్ళీ తిరుగుతోంది. నేను మామిడి మండీలకూ పట్టుపురుగులు పెంచే రైతులకూ లెక్కలు చూసిపెడతాను. కాలేజీలో నేర్చుకున్న విద్య కాదు ఇది. పియుసిలో లెక్కలు తప్పినవాణ్ణి కాబట్టి డిగ్రీలో చరిత్ర తీసుకున్నాను. అరకొరగా వచ్చిన బియ్యాన్ని, రాగులను నెల చివరిదాకా సాగదీసే అమ్మను చూసి భాగహారం నేర్చుకున్నాను. మిగిలింది అవసరం నేర్పింది.

మా ఇల్లు చాంపియన్ రీఫ్స్ లైన్లలో ఉండేది. లైను అంటే ఒకే పొడుగు కప్పు కింద వరసగా కట్టిన ఇళ్ళు. ఒక ఇంట్లో ఎండుమిరపకాయ పోపు వేస్తే నాలుగిళ్ళలో తుమ్మేవాళ్ళు. నాన్న బంగారు గనిలోకి దిగే మనిషి. సర్కారు చేతికి వచ్చాక గని మారిపోయిందని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు కానీ, నాన్న చొక్కాకు పట్టిన వాసన నాకు తెలిసి ఎప్పుడూ మారలేదు. తడి రాయి, పేలుడు మందు పొగ, ఇంజను నూనె కలిసిన వాసన అది. ఆ బట్టలను అమ్మ వేరే బకెట్లో నానబెట్టేది. గనిలోంచి తెచ్చిన రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగేసి, మిగిలిన పిండిని ఊరి పక్కన కొండలుగా పోశారు; అవే సైనైడ్ దిబ్బలు. ఎండాకాలం గాలి లేస్తే ఆ తెల్ల దుమ్ము ఇళ్ళలోకి వచ్చేది. అమ్మ సంగటి కుండ మీద మూత, మూత మీద తడిగుడ్డ వేసేది. అయినా ముద్దలో ఏదో ఒకటి కరకరమనేది. “నమలద్దు, మింగెయ్. బంగారమేమో” అనేవాడు నాన్న. ప్రతి ఎండాకాలం అదే మాట అనేవాడు, ప్రతిసారీ మేము నవ్వేవాళ్ళం. షిఫ్టు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆయన నన్ను అడిగేది ఒకటే: “ఏమి వింతప్పా ఈ దినం?” రాజకీయాలు ఆయనకు పట్టవు. ఎక్కడ దూడకు రెండు తలలు పుట్టాయో, ఎవరు ఎన్ని అరటిపళ్ళు తిన్నారో చెబితే చాలు, తృప్తిగా అన్నానికి కూర్చునేవాడు. ఆయనకు చెప్పడానికి కావలసిన సరుకు నాకు కాలేజీలో దొరికేది.

కాలేజీ రాబర్ట్‌సన్‌పేటలో. కొందరు మారికుప్పం రైలుకు వచ్చేవాళ్ళు, వేమగల్, శ్రీనివాసపురం వైపు పల్లెల పిల్లలు హాస్టల్లో ఉండేవాళ్ళు, మావంటి లైన్లవాళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. లైబ్రరీ మెట్ల పక్కన ఆకుపచ్చ గుడ్డ వేసిన బోర్డు ఒకటి ఉండేది. కాలేజీ నోటీసులు పెట్టే బోర్డు వేరే. దాన్ని చూసేవాళ్ళు తక్కువ. దీన్ని వింతల బోర్డు అనేవాళ్ళం. క్షౌరశాలల్లో, టీ అంగళ్ళలో పాతబడిన తెలుగు, కన్నడ, తమిళ పేపర్లు అడిగి తెచ్చి, మూలల్లో పడే వింత వార్తలు ఏరి, తిరగరాసి గుచ్చేవాళ్ళం. అత్తగారి పళ్ళసెట్టు పెట్టుకుని ఫొటో దిగిన కోడలు, చెట్టు దిగనని మొక్కుకున్న సాధువు, తాళి కట్టే ముందు నిద్రపోయిన పెళ్ళికొడుకు, ఇట్లాంటివన్నీ. బోర్డులో మిగతా సగం సినిమా. మా ఊళ్ళో మూడు భాషల హీరోలకూ అభిమానులుండేవాళ్ళు, ఒకరి హీరో గురించి ఒక్క లైను ఎక్కువ పడితే రెండోవాళ్ళు బోర్డు పీకేవాళ్ళు. రెండుసార్లు పీకారు కూడా. ఆ తర్వాత ఒక కట్టుబాటు చేసుకున్నారు: మూడు భాషల సినిమాలకూ లైన్లు సమానంగా ఉండాలి. ఆ లైన్లు లెక్కబెట్టే పని నాకు అప్పజెప్పారు, ఏ హీరో మీదా నాకు అభిమానం లేదని పేరు కాబట్టి. నిజానికి ఉండేది, బయటికి చెప్పలేదు. బోర్డు రాసేది గజేంద్ర. అతని అక్షరాలు అచ్చు వేసినట్టు గుండ్రంగా ఉండేవి. తెలుగు రాసిన చేత్తోనే కన్నడమూ అంతే అందంగా రాసేవాడు.

ఒక వారం తమిళ సినిమా ఒకటి రావలసి ఉండింది. రీళ్ళ పెట్టె బెంగళూరులో రైలు తప్పి, సినిమా రాలేదు. దాని గురించి గజేంద్ర రాసిన నాలుగు లైన్లు తీసేయవలసి వచ్చింది. ఆ ఖాళీలో తెలుగు సినిమా వేస్తే ఒక గొడవ, కన్నడం వేస్తే ఇంకో గొడవ, ఖాళీగా వదిలేస్తే తమిళంవాళ్ళతో మూడో గొడవ. వేయగలిగింది వింత వార్త ఒక్కటే, దొరికినవన్నీ అప్పటికే అయిపోయాయి. సరోజ మెట్ల మీద కూర్చుని మా అవస్థ చూస్తోంది. వాళ్ళమ్మ కోళ్ళు పెంచి గుడ్లు హాస్టలుకు వేసేది. సరోజ ఆ పొద్దుటి గుడ్లు ఇచ్చేసి, ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“మా కోళ్ళ మీద రాయప్పా” అంది. “పొద్దస్తమానం ఆ దిబ్బ కిందనే గీరి గీరి తింటా ఉండాయి. ఏదో ఒక దినం కందనకాయ కోస్తే బంగారం పడ్తాది.”

అందరం నవ్వాము. గజేంద్ర నవ్వుతూనే రాసేశాడు. దిబ్బ కింద మేసే ఒక కోడిని కోస్తే కందనకాయలో ఆవగింజంత బంగారం దొరికిందట, కోడి పేరు తెలియరాలేదు, అని. సరిగ్గా నాలుగు లైన్లు వచ్చింది. నేను లెక్కబెట్టి సరే అన్నాను.

కోడికి పళ్ళు ఉండవు. గింజ నలగడానికి చిన్న చిన్న రాళ్ళు మింగి కందనకాయలో పెట్టుకుంటుంది. ఇది మా ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు. దిబ్బల్లో ఇంకా కొంత బంగారం మిగిలే ఉందన్నదీ అందరికీ తెలుసు. రెండూ నిజాలే. వాటి పక్కన పెట్టిన అబద్ధానికి ఎవరూ సాక్ష్యం అడగలేదు. మూడు నాలుగు రోజుల్లో మాట లైన్లన్నిటికీ పాకింది. రాబర్ట్‌సన్‌పేట బజారులో కోడిమాంసం అంగడివాడు అంతవరకు కాళ్ళతో పాటు ఊరికే ఇచ్చే కందనకాయలను వేరే అమ్మడం మొదలుపెట్టాడు. తమ కళ్ళ ముందే కోయమని నిలబడే గిరాకీలు పెరిగారు. తర్వాత బెంగళూరులో అచ్చయ్యే ఒక కన్నడ వారపత్రికలో, చివరి పేజీ మూలలో, కోడి బొమ్మ వేసి మరీ ఇదే వార్త వచ్చింది. ఎవరు పంపారో తెలియదు. మేమే ఆ ముక్క కత్తిరించి బోర్డులో గుచ్చాము. దాన్ని గజేంద్ర చాలాసేపు చూసి, “పేపర్లో ఏసినారంటే, ఏదో కొంత ఉన్నా ఉండొచ్చప్పా” అన్నాడు. రాసింది నువ్వే కదా అంటే, “రాసింది నేనే లే, వాళ్ళు విచారించకుండా ఏస్తారా?” అన్నాడు. అది వేళాకోళం కాదు.

ఇదంతా చూసి కెమిస్ట్రీ సారు విసిగిపోయి తన చేత్తో ఒక కాగితం రాసి గుచ్చారు. దిబ్బ పిండిలో టన్నుకు గ్రాము బంగారం కూడా దాటదు, ఆవగింజంత పోగుపడాలంటే ముప్పై కిలోలకు పైగా పిండి మింగాలి, కోడి రోజుకు రెండు గ్రాములు మింగినా నలభై ఏళ్ళు పడుతుంది, అని. నేను ఇంటికి వెళ్ళి మళ్ళీ చేసి చూశాను. లెక్క సరిగ్గానే ఉంది. ఆ కాగితం చదివినవాళ్ళు తెలుసుకున్నది మాత్రం ఒకటే: ముసలి కోళ్ళలో ఎక్కువ ఉంటుంది. అంతవరకు చేతికి చిక్కిన పెట్టను పట్టుకుపోతుండేవాళ్ళు. అప్పటినుంచి మునెమ్మ దగ్గర ఏళ్ళ తరబడి పొదిగిన పెద్ద పెట్టలను ఏరుకుని పోవడం మొదలైంది. ఆ దిబ్బకు ఆనుకునే ఆమె ఉన్న లైను. దిబ్బ కింద మేసే కోళ్ళంటే ఊరందరికీ ఆమె కోళ్ళే.

బంగారం ఒక్కదానిలోనూ దొరికి ఉండదు. కానీ దొరకలేదని చెప్పినవాళ్ళూ లేరు. కోసి చూసినవాళ్ళు ఎత్తుకుపోయినవాళ్ళే కాబట్టి, ఏమీ లేదని చెప్పాలంటే దొంగతనం ఒప్పుకోవాలి. వాళ్ళు నోరు మూసుకున్నారు. ఆ మౌనం చూసి మిగతావాళ్ళు, దొరికింది, దాచుకుంటున్నారు అనుకున్నారు. గనిలో దిగి రాయి తవ్వే నాన్న ఈ మాటను కొట్టిపారేశాడు. మైలు లోతున తవ్వినా కంటికి కనపడని బంగారం కోడికి కనపడిందా అన్నాడు. ఆ ఆదివారం ఇంట్లో కోడి కోసినప్పుడు ఆయన కందనకాయను వాకిట్లో వెలుతురుకు పట్టుకుని విప్పి చూశాడని అమ్మ తర్వాత నాతో చెప్పింది. తాను చూసినట్టు ఆయనకు తెలియనివ్వలేదట.

ఇప్పుడు ఆ పన్నెండు సంగతి. మునెమ్మ పుట్టిల్లు రాయల్పాడు. గని దుమ్ముకు ఊపిరి చెడి, సరోజ హైస్కూల్లో ఉండగానే ఆమె భర్త పోయాడు. రాయల్పాడులో ఆమె అక్క, వరసకు వదినలు, పల్లెలో గుడ్డుకు ధర లేదని తమ పెట్టలను ఆమెకు పాలుకు ఇచ్చేవాళ్ళు. పెట్ట వాళ్ళది, మేపడం, కాపలా ఈమెది. గుడ్లు ఈమెవి, పొదిగిన పిల్లలు చెరి సగం. పెట్ట రోగం వచ్చి చస్తే కాళ్ళు కోసి దాచి చూపించాలి. గద్ద తన్నుకుపోతే చూసినవాళ్ళను చూపించాలి. దొంగ ఎత్తుకుపోతే మాత్రం పెంచినామెదే బాధ్యత; పెట్టకు పెట్ట ఇచ్చుకోవాలి. ఈ పద్ధతికి కాగితం లేదు, పంచాయితీ లేదు. తప్పినామెకు మళ్ళీ ఆ ఊళ్ళో ఎవరూ పెట్టను ఇవ్వరు, అంతే. సరోజది డిగ్రీ ఆఖరి సంవత్సరం. పరీక్ష ఫీజు కట్టవలసింది గుడ్ల డబ్బుతోనే. ఆ లైనులో అంతవరకు చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

మునెమ్మ ఒక మధ్యాహ్నం కాలేజీకి వచ్చింది. కేకలు వేస్తుందని అందరూ చుట్టూ చేరారు. ఆమె బోర్డు ముందు నిలబడి, తనకు చదువు రాదు కాబట్టి, అందులో ఏముందో చదవమని కూతురికి చెప్పింది. సరోజ గజేంద్ర వైపు చూడకుండా నాలుగు లైన్లూ చదివింది. మునెమ్మ చివరి మాట దగ్గర ఆగింది.

“కోడి పేరు తెలీలేదా? ముప్పై ఒకటికీ పేర్లుండాయి నా దగ్గిర. చెప్తాను, రాసుకుంటావా నాయనా?”

“తమాషాకు రాసినాను పెద్దమ్మా” అన్నాడు గజేంద్ర. “జనం ఇట్ల చేస్తారనుకోలేదు.”

“తమాషా బాగనే ఉండాది. కాదన్లేదు. ఇంగ నా పెట్టల మాట చెప్పు.”

క్లాసులో చందా వేసి డబ్బు ఇస్తామని అతను అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“దుడ్డు తీసుకోని నేనేం చేద్దును? పోయిన నెల రేటు కట్టిస్తావు నువ్వు. నీ బోర్డు పుణ్యాన ఈ నెల ఆ రేటుకు పెట్ట యాడ దొరకతాది? పెట్టకు పెట్ట తెచ్చియ్యండి. ఫీజు కట్టే దినం లోపల రావల్ల. లేకుంటే ఈ పిల్ల పరీక్షకు పోదు.”

ఇంతే చెప్పి, హాస్టలుకు ఆ పూట ఇవ్వవలసిన గుడ్లు లేవని వంటాయనకు చెప్పడానికి అటు వెళ్ళింది.

ఆ తర్వాతి పది పదిహేను రోజులు మా కాలేజీ ఎట్లా ఉండిందో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. చందా వేసే పని అభిమాన సంఘాలు ఎత్తుకున్నాయి. ఒక హీరో పేరు మీద మొదట మూడు పెట్టలు వచ్చాయి. మరునాడు రెండో హీరో పేరు మీద నాలుగు వచ్చాయి. సినిమా లైన్లు ఉండవలసిన చోట సంఘాలవారీగా కోళ్ళ సంఖ్య రాసి గుచ్చడం మొదలైంది, కలిపి చూసే పని మళ్ళీ నాకే వచ్చింది. పల్లెల పిల్లలు శని ఆదివారాలు ఊళ్ళకు వెళ్ళి సంచిలో కోడిని పెట్టుకుని బస్సెక్కేవాళ్ళు. కండక్టరు కోడికి అరటిక్కెట్టు అడిగాడని ఒకడు, సీటు ఇచ్చాడని ఇంకొకడు చెప్పుకునేవాళ్ళు. వేమగల్ కుర్రవాడు తెచ్చిన పెట్ట ఎకనామిక్స్ క్లాసులో బెంచీ కింద గుడ్డు పెట్టి అరిచింది. సారు హాజరుపట్టీ తెరిచి, దానికి కూడా వేయమంటారా అని అడిగారు. తెలుగు అభిమానులు పదకొండు, తమిళంవాళ్ళు తొమ్మిది, కన్నడంవాళ్ళు ఎనిమిది, హిందీ పాటలు పాడుకుంటూ ఎవరిలోనూ కలవని గుంపు ఐదు తెచ్చారు. మొత్తం ముప్పై మూడు. రెండు ఎక్కువే వచ్చాయని గజేంద్ర సంతోషపడ్డాడు.

వాటిని తట్టల్లో పెట్టి మునెమ్మ ఇంటికి మోసుకుపోయాము. ఒకటి దారిలోనే చచ్చింది. ఆమె మిగతావాటిని ఒక్కొక్కటే ఎత్తి, రెక్క తీసి, కాళ్ళు చూసి, కొన్నిటిని కుడివైపు గంప కింద, కొన్నిటిని ఎడమవైపు వేసింది. ఎడమవైపు పడినవాటిలో ఐదు పుంజులు.

“పుంజు కూడా కోడే గదా పెద్దమ్మా” అన్నాడు గజేంద్ర.

“నా ఎర్ర పుంజు పోయింది. దాన్ని నేను లెక్కలో ఏసినానా? పోయినప్పుడు ఎయ్యనిది వచ్చినప్పుడు యాల ఏస్తాను?”

ఇంకా మూడు తెల్ల ఫారం కోళ్ళు ఉన్నాయి. అవి గుడ్లు పెడతాయి కానీ పొదగవు, పొదగని పెట్టను పాలుకు ఇచ్చినవాళ్ళకు ఎట్లా తిరిగి ఇవ్వాలని ఆమె అడిగింది. ఎడమ గంప హాస్టలుకు వెళ్ళింది. పుంజుల కందనకాయలన్నీ వంటాయన తలుపు వేసుకుని తానే కోశాడని చెప్పుకున్నారు. కుడివైపు మిగిలినవి ఇరవై నాలుగు. అందులో పన్నెండు ఆ వారమే రాయల్పాడుకు వెళ్ళాయి. ఆమెకు పన్నెండు మిగిలాయి. ఇంకా ఏడు రావాలి.

ఫీజు గడువు దగ్గరపడింది. చోటు మారిన పెట్ట వెంటనే గుడ్డు పెట్టదు. బెదురు పోయి, ఇల్లు అలవాటై, మళ్ళీ మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది. ఆ పన్నెండు రోజంతా మూలకు చేరి కూర్చునేవి. బజారు రేటు ఇంకా దిగలేదు. నాలుగు అమ్మితే ఫీజు సరిపోతుందని నేను లెక్క వేసి, గజేంద్రను తోడు తీసుకుని వెళ్ళి సరోజకు చెప్పాను. ఆమె గంప పక్కన కూర్చుని నూకలు చల్లుతోంది.

“నాలుగు అమ్మితే ఎనిమిది. ఎనిమిదితో అమ్మ ఇల్లు నడస్తాదా? దానికీ లెక్కేసినావా?”

వేయలేదని చెప్పాను. రాయల్పాడుకు పంపినవాటిలోంచి నాలుగు ఆపి ఉంటే సరిపోయేదని గజేంద్ర అన్నాడు. “మంది పెట్టలమ్మి నేను పరీక్ష రాయల్లా?” అంది సరోజ. గొంతు పెంచలేదు. చెయ్యి ఆపకుండా నూకలు చల్లుతూనే ఉంది. గడువు దాటింది. వేసవికి ఆమె మామిడితోటల పనికి రాయల్పాడులో పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. పరీక్ష ఆరు నెలలు ఆగి, అక్టోబరులో రాసి పాసయింది.

ఆ ఆరు నెలల మధ్యలో గని ఆఫీసులోకి డిగ్రీ అయిన లైన్లపిల్లలను గుమాస్తాలుగా తీసుకున్నారు. గజేంద్రకు దొరికింది. సరోజ చేతిలో అప్పటికి డిగ్రీ లేదు. మళ్ళీ తీసుకుంటారని ఎదురుచూశాము. నాకు తెలిసి మావంటివాళ్ళను మళ్ళీ తీసుకోలేదు. మిగిలిన ఏడు పెట్టల సంగతి ఎవరూ మరిచిపోలేదు, అట్లాగని ఎవరూ తేలేదు. పదకొండు ఇచ్చాము, ఇంకా మేమేనా అని తెలుగువాళ్ళు, ఎక్కువ సినిమాలు వచ్చేది వాళ్ళవే కదా అని తమిళంవాళ్ళు, ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. ఈలోగా కాలేజీ అయిపోయి తలా ఒక దిక్కు పోయారు. గజేంద్ర మొదటి జీతంతో ఏడు పెట్టల ధర పట్టుకుని మునెమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కాఫీ ఇచ్చి డబ్బు తిప్పి పంపింది. ఆఫీసు ప్యాంటుతో కోళ్ళగంప మోయడానికి అతనికి నామోషీ అనిపించింది. ఆ నామోషీ చాలా ఏళ్ళు ఉండింది.

తర్వాత గని మూతపడింది. గజేంద్ర నడివయసులో బయటపడి, తెల్లవారుజాము రైలుకు బెంగళూరు వెళ్ళి ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చునే పనిలో చేరాడు. ఇప్పటికీ అదే చేస్తున్నాడు. సరోజ పాసైన తర్వాత టీచరు ట్రైనింగు చేసి, రాయల్పాడు వైపు సర్కారు బడిలో చేరింది. వచ్చే ఏడాది రిటైరవుతుంది, పెన్షను వస్తుంది. మునెమ్మ ఆఖరి రోజుల్లో కూతురి ఇంటి వెనక కూడా కోళ్ళు పెంచింది. మా లైన్లలో సగం ఇళ్ళకు కప్పులు లేవు. కాలేజీలో ఆ బోర్డు ఉన్న గోడకు ఇప్పుడు నీళ్ళ ఫిల్టరు పెట్టారు. కర్మకు వెళ్ళేటప్పుడు బస్సులో గజేంద్ర తన ఫోనులో వచ్చే వింతలు నాకు చూపిస్తూ పోయాడు. ఒక్క గంటలో మేము ఏడాదికి గుచ్చినన్ని చూశాను. ఒక్కటీ ఎవరు రాశారో లేదు. మా బోర్డు ముందుకు ఒక మనిషి వచ్చి నిలబడి, ఇది ఎవరు రాశారని అడిగితే, రాసినవాడు ఎదురుగానే ఉన్నాడు. ఈ రెంటిలో ఏది మేలో నేను తేల్చలేను. మా బోర్డు వల్ల కూడా పెట్టలు పోయాయి.

కర్మనాడు భోజనాలయ్యాక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. సరోజ విస్తళ్ళు ఎత్తించి, చేతులు కడుక్కుని వచ్చి మా దగ్గర చాప మీద కూర్చుంది. కాసేపు మునెమ్మ గురించి మాట్లాడుకున్నాము. గజేంద్ర మొదలుపెట్టాడు.

“ఒక మాట చెప్తాను సరోజా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు ఫీజు కట్టకపోయింది నీకు మేలే అయింది. కట్టింటే నువ్వూ నాతోనే ఆఫీసులో చేరింటావు. నాతోనే బయట పడింటావు. ఇప్పుడు చూడు, ఇల్లు కట్టినావు, పెన్షన్ వస్తాది. లెక్క చూస్తే నష్టం నాకే.”

అతను తప్పించుకోవడానికి అన్న మాట కాదు. చాలా ఏళ్ళుగా లోపల కూడి తీసి పెట్టుకున్న మాట. నాకూ ఆ కూడిక సరైనదనే అనిపించింది. ఆరు నెలలు పోయి ముప్పై ఏళ్ళ ఉద్యోగం వచ్చింది. ఎట్లా చూసినా సరోజ వైపే మిగులు ఉంది.

సరోజ చాప అంచు సర్దింది. “మేలే అయింది. కాదన్ను” అంది. “మేలు వేరే, పెట్టలు వేరే గజేంద్రా.”

“అమ్మ పోయినంక గూడానా?”

“అమ్మవి ఇప్పుడు నావి.”

ఇంతకీ ఎన్ని అని అతను ఆమెను అడగలేదు, నా వైపు చూశాడు. చెప్పాను. ఆమె కూడా విని, సరే అన్నట్టు తల ఊపి, మాకు బస్సులో తినడానికి ఏదో కట్టివ్వడానికి లోపలికి వెళ్ళింది. తిరుగు బస్సులో గజేంద్ర కిటికీ పక్కన కూర్చుని, ఈ రోజుల్లో నాటు పెట్ట ఏ సంతలో దొరుకుతుందని రెండుసార్లు అడిగాడు. నాకు తెలిసిన సంతలు చెప్పాను. మా వయసువాళ్ళు ఎవరెవరు ఎక్కడున్నారో, ఎవరిని అడిగితే ఒకటి ఇస్తారో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఊరు చేరేలోపల నిద్రపోయాడు.

ఇది నెల కిందటి మాట. రాయల్పాడుకు ఫోను చేసి అడిగితే ఇంకా ఏమీ రాలేదని సరోజ చెప్పింది. పోయినవి ముప్పై ఒకటి, ముట్టినవి ఇరవై నాలుగు. ఈ రోజుకు రావలసినవి ఏడు పెట్టలు.